నల్లజెండా దిద్దించుకున్న బొమ్మలు

పోయినవారం మీరు నన్ను ఎక్కడ వదిలి వెళ్ళారో అక్కడే ఉన్నాను. లాండ్రీ మీద మేడగదిలో, కుర్చీ అంచున కూర్చుని, కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి. కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపికపట్టండి. నేనూ మా తమ్ముడూ కలిసి 'మూగసేన' అని ఒక ఆట తయారుచేస్తున్నాం. లెక్కలూ నియమాలూ నావి, బొమ్మలు వాడివి. గళ్ళ మైదానంలో సైనికుల్నీ గోడల్నీ మనకి నచ్చినట్టు నిలబెట్టి, ఒక్కొక్కరి మెడలో ఒక్కో మంత్రం వేలాడదీసి, 'పోరు' అనే మీట నొక్కాలి. అంతే, ఆ తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు. రెండు సైన్యాలూ వాటంతట అవే కొట్టుకుంటాయి, మనం నోరు తెరుచుకుని చూస్తాం.

ఆట ఇంకా బయటికి రాలేదు. మేం ఎంచి ఇచ్చిన కొద్దిమంది ఆడి తప్పులు చెబుతున్నారు. వాళ్ళలో నల్లజెండా పెట్టుకున్న ఒకడు రోజూ ఆడతాడు, రోజూ చిత్తుగా ఓడిపోతాడు. అంత చేతకానివాడు అంత శ్రద్ధగా ఎందుకు ఆడుతున్నాడా, నా లెక్కల్లోనే ఏదైనా లోపం ఉందా అని వాడి పాత పోరులు తెరిచాను. పోరు మొదలవకముందు వాడు గోడలు నిలబెట్టిన తీరు చూశాక లోపం నా లెక్కల్లో లేదని తెలిసిపోయింది. వాడు కట్టింది మా ఇల్లు.

మొదట నన్ను నేనే బుజ్జగించుకున్నాను. చేతికి గోడముక్కలు ఇస్తే ఎవరైనా గది కడతారు, గదులన్నీ గదుల్లాగే ఉంటాయి, దానికింత హైరానా ఎందుకు అని. కానీ మా వంటగదికి ఒక మూల లేదు. పై వాటా మెట్లు దాని నెత్తి మీదుగా పోతాయి కాబట్టి కట్టినవాడు ఆ మూలని వాలుగా కోసి పారేశాడు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడ ఒక్కసారైనా తల కొట్టుకుంటారు. తెరమీది గోడ కూడా సరిగ్గా అదే మూల దగ్గర గడిగడికీ లోపలికి వంగింది. అది చూస్తూ నా నెత్తి నేనే తడుముకున్నాను.

ఆ పోరులో నల్లజెండాకి ఎదురుగా ఎవరున్నారో అప్పుడు చూశాను. పసుపు జెండా, మధ్యలో ఎర్రచుక్క. ఆ రంగులు ఎంచి ఇచ్చింది నేనే, నా కూతురికి.

దాన్ని మేమంతా పిచ్చుక అంటాం. ఎక్కడ తప్పు కనబడినా ఊరుకునే రకం కాదు. టీచర్ బోర్డు మీద తప్పు రాస్తే చెయ్యెత్తుతుంది. నేను ఫోన్లో ఎవరికైనా మంగళవారం వస్తామని చెబితే, పక్కగదిలోంచి బుధవారం అని అరుస్తుంది. అలాంటి కళ్ళు మాకు ఎంత వెతికినా దొరకవని దాని ట్యాబ్‌లో ఆట నేనే పెట్టాను. పెట్టేముందు తల్లిగా ఆలోచించాల్సినవన్నీ ఆలోచించాననే అనుకున్నాను. మూగసేనలో ఆడేవాళ్ళు ఒకరికొకరు ఏమీ రాసుకోలేరు. గొంతు వినబడదు, పేరు కనబడదు. ఎవడెవడో వచ్చి పిల్లలతో మాట కలిపే దరిద్రం నా ఆటలో ఉండకూడదని పట్టుబట్టి, మాటలన్నవే తీసేశాను. తమ్ముడు గింజుకున్నాడు, మాటల్లేకపోతే ఎవరాడతారన్నాడు. నేను వినలేదు. దానికి బదులు, ఒకసారి తలపడినవాళ్ళతోనే మళ్ళీ మళ్ళీ తలపడేలా ఒక మీట పెట్టి వాడి నోరు మూయించాను.

ఆ మీట వల్లే వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదలకుండా ఆడుకున్నారు. పోరులు తీసేసి మోహరింపులు మాత్రం వరసగా పేర్చి చూశాను. ఒకటి నల్లజెండాది, దాని వెనకాలే ఒకటి పసుపుజెండాది. మొదట్లో నల్లజెండా ఇల్లు ఉత్త చతురస్రం, తలుపు ఎక్కడో పెట్టాడు. పిచ్చుక సైన్యంలో అదే చతురస్రం ఉంది, తలుపు మాత్రం సరైన చోటికి జరిగింది. ఆ తర్వాతి దాంట్లో వాడు తలుపు సరిగ్గా పెట్టి వంటగది తప్పు పెట్టాడు. అది వంటగది మార్చింది, మూల కూడా కోసింది. వాడు మెట్లు ఎడమవైపు పెట్టాడు, అది కుడివైపుకి తెచ్చింది. వాడు ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. తప్పు గీసి ఊరుకున్నాడు, నా కూతురు తప్పు చూసి ఊరుకోలేకపోయింది. దాని స్వభావం ఇదని తెలిసినవాడే ఈ పని చేయగలడు అనిపించింది.

వరసలో ఒకచోట ఆగాను. ఇల్లంతా సరిగ్గా ఉంది. ముందుగదిలో పెద్ద సైనికురాలు, వెనకగదిలో చిన్న సైనికుడు. ఇద్దరి మెడలోనూ నిద్రమంత్రం వేలాడుతోంది. పోరులో నిద్రమంత్రం శత్రువు మీద వేస్తారు గానీ తనవాళ్ళ మీద ఎవరూ వేసుకోరు. దానికి పిచ్చుక ఇచ్చిన జవాబులో చిన్న సైనికుడు వెనకగదిలోంచి ముందుగదికి వచ్చి, పెద్దదాని పక్కన, గోడవైపు నిలబడ్డాడు. నిజమే, అది నా పక్కనే పడుకుంటుంది. నిద్దట్లో దొర్లుతుందని పసితనం నుంచీ గోడవైపే వేస్తాను. ఆ సంగతి మా అమ్మకి కూడా తెలియదు. ఇప్పుడు నల్లజెండాకి తెలుసు.

భయమేసింది. ఇంత వయసొచ్చాక భయమేసిందని రాసుకోవడానికి నాకేం నామోషీ లేదు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, కింద లాండ్రీలో ఇస్త్రీ యంత్రం బుస్సుబుస్సుమంటోంది, నా చేతివేళ్ళు మాత్రం నీళ్ళలో నానినట్టు చల్లబడ్డాయి.

తమ్ముడు అవతలి బల్ల దగ్గర చెవుల్లో పాటలు పెట్టుకుని కప్పమంత్రగాడి బొమ్మకి మొటిమలు అద్దుతున్నాడు. చెవిలోంచి తీగ లాగేసి, వాణ్ణి కుర్చీతో సహా నా తెర ముందుకి ఈడ్చాను. మొదట వాడికి అర్థం కాలేదు. తన మేనకోడలు ఎంత బాగా గీసిందో చూడమని మురిసిపోబోయాడు. వంటగది మూల చూపించాను, నవ్వు సగంలో ఆగింది. నిద్రమంత్రం చూపించాను, మొహం పాలిపోయింది.

జెండాల సంగతి ఇక్కడ చెప్పాలి. ఆట ఎవరికిచ్చినా వాళ్ళకంటూ ఒక జెండా కేటాయించి ఇస్తాను. ఎవరి దగ్గర్నుంచైనా ఆట బయటికి పొక్కితే జెండా చూసి పట్టుకోవచ్చని. నేను కేటాయించకపోతే ఆటలో నల్లజెండాయే వస్తుంది. నల్లజెండా కనబడినప్పుడు, హడావిడిలో ఎవరికో జెండా పెట్టడం మరిచిపోయి ఉంటానని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వచ్చాను. అందరికీ జెండాలున్నాయి. అంటే నా చేతిమీదుగా కాకుండా, ఈ గదిలో కంప్యూటర్లోంచి నేరుగా తీసి ఎవరికో ఇచ్చారు. ఈ గదిలో ఉండేది మేమిద్దరమే.

"ఎవరికిచ్చావురా?" అన్నాను.

వాడు నీళ్ళు నమిలాడు. చాలామంది చూస్తామన్నారన్నాడు, ఎవరికీ ఇవ్వలేదన్నాడు, ఇచ్చినా గుర్తులేదన్నాడు. మా తమ్ముడికి అబద్ధం ఆడటం చిన్నప్పటినుంచీ రాదు. ఒక అబద్ధం సరిపోదేమోనని మూడు కలిపి చెబుతాడు.

"బావకి," అన్నాడు చివరికి.

బావ అంటే పిచ్చుక వాళ్ళ నాన్న. ఆయన గురించి మీకు ఇదివరకే కొంత చెప్పాను. ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. తాళాలు వేసేవాడు. నేను పుట్టింటికి వెళ్తానంటే బీరువాకి తాళం, స్నేహితురాలు వస్తానంటే వీధి తలుపుకి తాళం. నవ్వుతూనే వేసేవాడు. ఒకరోజు పిచ్చుకని చంకనేసుకుని బయటపడ్డాను. ఆ తర్వాత ఒకే ఒక్కసారి కలిశాం, పెద్దమనుషుల ముందు. లేచి వెళ్ళిపోతూ నా పక్కన ఆగి, పక్కవాళ్ళకి కూడా వినబడనంత మెల్లగా అన్నాడు: "పిల్లని ఎప్పుడు తీసుకెళ్ళాలో నాకు తెలుసు. నువ్వు చూస్తుండగానే తీసుకెళ్తాను." ఆ మాట విన్నాక ఊరు మారాం, బడి మార్చాం, ఇల్లు ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. ఇన్ని చేసి, ఇంటి నక్షా ఆయన చేతికి నా ఆటలోంచే వెళ్ళింది.

తమ్ముడి మీద ఏమని అరిచానో ఇక్కడ రాయను, పత్రికవాళ్ళు వేసుకోరు. వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. బావ ఒక వర్షపు రోజు కింద లాండ్రీ దగ్గర తడుస్తూ నిలబడ్డాడట, ఈ చోటు ఎలా కనుక్కున్నాడో వీడు అడగనే లేదు. ఇల్లెక్కడని అడగలేదట, పిల్ల ఊసే ఎత్తలేదట. మీ అక్క ఏం తయారుచేస్తోందో ఒక్కసారి చూస్తానన్నాడట. పైకి తెచ్చి చూపిస్తే కళ్ళార్పకుండా చూశాడట. దాంతో వీడు కరిగి నీరయిపోయి, పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టాడు.

"మన ఆట బాగుందన్నాడక్కా. అలా అన్నవాడికి లేదని ఎలా చెప్తాను?"

"ఇంకో రెండు మాటలు పొగిడితే మేనకోడల్ని కూడా ఇచ్చేసేవాడివి," అన్నాను.

అనకూడని మాట. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకు జాలి కూడా కలగలేదు. ఏడుస్తూనే వాడు నా పక్కనుంచి చెయ్యి చాచి మోహరింపుల వరసని చివరిదాకా జరిపాడు. తర్వాత వీధి వచ్చింది, పిచ్చుక వీధి మలుపు దిద్దింది. బడి వచ్చింది, గేటు దిద్దింది. అన్నిటికన్నా చివర, ఆ రోజు పొద్దున వచ్చింది ఒకటి ఉంది. మధ్యలో పొడుగాటి దీర్ఘచతురస్రం, అందులో ప్రతి గడిలోనూ నీటిమంత్రం. చుట్టూ స్తంభాలు. ఒక చివర సన్నటి సందు, సందులో చిన్న సైనికుడు, గోడ అవతల ఇద్దరు పెద్ద సైనికులు.

"ఈతకొలను," అన్నాడు తమ్ముడు.

బడి వదలగానే పిల్లల్ని వ్యాన్‌లో నేరుగా ఈతకొలనుకి తీసుకెళ్తారు. వెనక గేటు దగ్గర సందుంది, అటు ఎవరూ వెళ్ళరు, తడి తువ్వాళ్ళు ఆరేసే చోటు. బడి వదిలి అప్పటికే చాలాసేపయింది.

తమ్ముణ్ణి కంప్యూటర్ దగ్గరే కూర్చోమన్నాను. నల్లజెండా నుంచి కొత్తగా ఏదొచ్చినా ఆ క్షణమే నాకు చెప్పమన్నాను. బావ గానీ వస్తే తలుపు తియ్యొద్దన్నాను. వాడు కళ్ళు తుడుచుకుంటూ సరేనన్నాడు. మెట్లు దిగుతూనే ఈతకొలను ఆఫీసుకి ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి ఏమైందక్కా అని ఎదురొచ్చింది. ఏమీ లేదన్నానట, ఆ తర్వాత ఆ పిల్లే చెప్పింది. నాకు గుర్తులేదు.

స్కూటర్ దగ్గరికి చేరేదాకా ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. ఇక లాభం లేదని, జీవితంలో మళ్ళీ చెయ్యకూడదనుకున్న నంబరుకి ఫోన్ చేశాను. పిల్ల ఆయన దగ్గరుంటే కనీసం దాని గొంతైనా వినబడుతుందని ఆశ. మొదటి మోతకే ఎత్తాడు.

"పిచ్చుకని ఎక్కడికి తీసుకెళ్ళారు?" అన్నాను. పలకరింపులు మా మధ్య ఎప్పుడో అయిపోయాయి.

అవతల పెద్ద శబ్దం. ఏదో యంత్రం తిరుగుతోంది, దాని మీదుగా షిఫ్టు మారే సైరన్ ఊళపెట్టింది. ఆ సైరన్ నాకు తెలుసు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ కూతకే అన్నం వడ్డించాను. ఆయన ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు, మా ఊరికి ఒక పూట ప్రయాణం దూరంలో. ఆ కూత వింటూ స్కూటర్ సీటు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాను.

ఆయన నన్ను మళ్ళీ అడగమన్నాడు, అడిగాను. ఆట సంగతి, నల్లజెండా సంగతి, ఈతకొలను సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. ఆ మనిషి నా మాట చివరిదాకా వినడం అన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ జరగలేదు.

"నేను ఆ ఆట తెరవనే లేదు," అన్నాడు. "ఆ డ్రైవ్ తెచ్చుకున్న మర్నాడే పోయింది. బ్యాగులోనే పెట్టాను, చూస్తే లేదు. మీ తమ్ముడికి చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. ఒట్టు, నేను కాదు. పిల్ల ఎక్కడుంది? ముందు పిల్ల ఎక్కడుందో చూడు."

ఆయన గొంతు వణికింది. నవ్వుతూ తాళాలు వేసిన మనిషి గొంతు వణకడం నేనెప్పుడూ వినలేదు. ఇందాకటిదాకా ఆయనే తీసుకెళ్ళాడేమోనని భయపడ్డాను. ఇప్పుడు ఆయన తీసుకెళ్ళి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. తండ్రి దగ్గరుంటే పిల్ల తిండి తింటుంది, నిద్రపోతుంది, ఏనాటికైనా వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఫోన్ పెట్టేసి స్కూటర్ తీశాను.

దారి పొడుగునా ఏం చూశానో చెప్పలేను. ఒకచోట ఎర్రదీపం పడితే ఆగాను, పక్కన ఆగిన కారులో ఒకాయన నా వైపు చూస్తే వీడేనేమో అనిపించింది. ఆ పక్క బైకు మీదున్నవాడు ఫోన్ చూసుకుంటుంటే వీడేనేమో అనిపించింది. భయానికి ఒక మొహం ఉన్నంతసేపూ దాన్ని తిట్టుకుంటూ బతికేశాను. ఆ మొహం పోయాక ఊళ్ళో ఉన్న మగాళ్ళందరి మొహాలూ అలాగే కనబడ్డాయి.

ఈతకొలను దగ్గర స్కూటర్ పడేసి లోపలికి పరిగెత్తాను. టికెట్లిచ్చే ఆవిడ చెప్పులు విప్పమని వెనకాల కేకేస్తూనే ఉంది. నీళ్ళలో కలిపే మందు వాసన, పిల్లల గోల, ఈలలు. నీళ్ళలో టోపీలు పెట్టుకున్న తలలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏ తల చూసినా నా పిల్ల కాదు. వెనక సందులోకి వెళ్ళాను. తీగ మీద తువ్వాళ్ళు, మూసి ఉన్న గేటు, గేటుకి అవతల వీధిలో ఎవరూ లేరు.

"అమ్మా, చెప్పులతో రాకూడదు," అని వెనకనుంచి వినబడింది.

తడిజుట్టుతో, తువ్వాలు భుజాల మీద కప్పుకుని, గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ట్యాబ్. ఎలా ఎక్కానో ఆ మెట్లు, దాన్ని తువ్వాలుతో సహా హత్తుకున్నాను. తడిసిపోతావమ్మా అని విదిలించుకోబోయింది. దాని మెడ దగ్గర ముక్కు పెట్టి ఊపిరి పీల్చుకున్నాను, నీళ్ళమందు వాసన ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

గదమాయిస్తే ముడుచుకుపోయే పిల్ల కాబట్టి, పక్కన కూర్చుని జుట్టు తుడుస్తూ, ఆటలో ఎవరితో ఆడుతున్నావని మామూలుగా అడిగాను. అది కాసేపు పళ్ళతో పెదవి కొరుక్కుంది. నాన్నతోనంది. అది నాన్నేనని ఎలా తెలుసంటే, తను ఏది దిద్దినా కోపం తెచ్చుకోకుండా మర్నాడు అలాగే గీస్తాడు, అలా చేసేది నాన్నేనంది. నాన్నతో మాట్లాడొద్దని చెప్పాను కదా అనేలోపే నా మొహంలోకి చూసింది.

"మాట్లాడలేదమ్మా. ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత జాగ్రత్తగా నా మాట నిలబెట్టిందో, ఎంత దిగులుతో ఆ గోడలన్నీ పేర్చిందో ఒక్కసారిగా తెలిసింది. నాన్న కావాలని అడిగితే నేను బాధపడతానని, అడక్కుండా సైనికుల్ని నిలబెట్టుకుంది. వాడెవడో గానీ నా పిల్లలో ఆ వెలితిని వెతికి పట్టుకున్నాడు. వాడి గొంతు నులిమేయాలన్నంత కోపం వచ్చింది, ఆ కోపం కిందనే భయం అలాగే ఉంది.

వెనక గేటు దగ్గరికి రమ్మన్నాడు కదా, వెళ్ళావా అని అడిగాను. వెళ్ళలేదంది. ఎందుకు వెళ్ళలేదంటే, ఆ బొమ్మలో గేటు బయట ఇద్దరున్నారట. నాన్నకి స్నేహితులెవరూ లేరు, ఇంకొకరిని వెంటేసుకుని ఎందుకొస్తాడని దానికి అనుమానమొచ్చింది. అందుకని తన మోహరింపులో ఆ రెండో సైనికుడి మెడలో వెలుగుమంత్రం వేసి పంపింది. దాక్కున్నవాడు ఎవరో బయటపెట్టే మంత్రం అది. అంటే, ఇతనెవరని అడిగిందన్నమాట.

"జవాబొచ్చింది, ఇప్పుడే," అని ట్యాబ్ నా వైపు తిప్పింది.

ఈసారి ఇల్లు కాదు, బడి కాదు. రెండు బల్లలు, ఒక కిటికీ, పక్కనుంచి ఎక్కే మెట్లు, కింద గడుల నిండా ఆవిరిమంత్రాలు. లాండ్రీ మీద మా పనిగది. ఒక బల్ల దగ్గర ఒక సైనికుడు కూర్చున్నాడు, అది తమ్ముడి బల్ల కాదు, నా బల్ల, ఇందాక నేను వాణ్ణి కూర్చోబెట్టి వచ్చిన చోటు. వాడికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఇంకో సైనికుడు. వాడి మెడలో వెలుగుమంత్రం.

పిచ్చుక ట్యాబ్ మీదికి వంగి, వేలు పైకెత్తి, ప్రతి గడీ వెతికి చూసింది.

"అమ్మా, ఇందులో ఒక్క తప్పు కూడా లేదు," అంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తాడు. పిచ్చుక దొరికిందా అని అడిగి, దొరికిందనగానే హమ్మయ్య అని గట్టిగా నిట్టూర్చాడు. వాడి గొంతులో ఇందాకటి ఏడుపు లేదు, హుషారుగా ఉంది. నేను నోరు తెరిచేలోపే గొంతు తగ్గించి గబగబా చెప్పుకుపోయాడు.

"ఎవరో పెద్దమనిషి వచ్చాడు, మన ఆట ఆడుతున్నాడట, ఎంత బాగుందని చెబుతున్నాడో. బావ కాదులే అక్కా, భయపడకు, అందుకే తలుపు తీశాను. నీ కోసమే కూర్చున్నాడు. వచ్చేటప్పుడు పిచ్చుకని కూడా తీసుకొస్తావా అని అడుగుతున్నాడు."